అనుజ్ఞ లేని కర్మశాల

శ్రీవైష్ణవ సంప్రదాయమున ఏ కర్మము నారంభించినను కర్త మొదట సంకల్పము చెప్పుకొనును. అందు దేశకాలములను స్మరించి, ఈ కర్మమును భగవదాజ్ఞ చేత, భగవత్ప్రీతి కొఱకు, భగవత్కైంకర్య రూపముగ చేయుచున్నానని పలుకును. ప్రతిదినము పలుకుటచే ఈ మాట నాలుకకు అలవాటైనది. దాని యర్థము మనస్సునకు కూడ అలవాటైనదా యని విచారింపవలసి యున్నది. ఆజ్ఞచే చేయుట యనగా అడుగవలసిన వారిని అడిగి, వారి యనుమతిని శిరసావహించి చేయుట. అడుగక చేసిన పని ఎంత మంచిదైనను అది స్వాతంత్ర్యాభిమానముచే చేసినదే గాని, ఆజ్ఞచే చేసినది కాజాలదు.

ఈ ధర్మము సంధ్యావందనమునకును, యజ్ఞమునకును, దేవాలయ ప్రతిష్ఠకును మాత్రమే పరిమితమని తలంచుట పొరపాటు. పెరటిలో నాలుగు రేకులు వేసి చిన్న కర్మశాలను కట్టుకొను గృహస్థునకు సైతము ఇది వర్తించును. ఊరూర, వీథివీథిన నేడు జరుగుచున్న అట్టి చిన్న విషయము నొకదానిని దృష్టాంతముగ గైకొని ఈ ధర్మమును పరిశీలించుట యుచితము.

ఒక దారుశిల్పి

ఒక దివ్యక్షేత్రమునకు సమీపమందలి పట్టణమున ఒక దారుశిల్పి కలడని భావింతము. అతని తాతతండ్రులు దేవాలయములకు వాహనములు చెక్కి జీవించినవారు. అతనికిని ఆ విద్య చక్కగ నబ్బినది. ఉలి, బాడిస, చిత్రిక అతని చేతిలో మాట వినును. ఇల్లు మాత్రము చిన్నది. రెండు గదులు, ముందొక వసారా. ఆ వసారాలోనే పని. పెద్ద దుంగ వచ్చిన నాడు ఇంటివారికి నడచుటకు చోటుండదు. వాన వచ్చిన నాడు పనియే యుండదు.

ఇట్లుండగా ఒక గ్రామపు ధర్మకర్తలు వచ్చి, రాబోవు బ్రహ్మోత్సవమునకు క్రొత్త గరుడవాహనము చేసి యిమ్మని కోరి బయానా యిచ్చిరి. పాత వాహనము ఱెక్క బీట వాఱినదట. శిల్పి యానందమునకు మేర లేదు. ఇంతటి పని వసారాలో సాగదు. కనుక పెరటిలో ఇరువది యడుగుల పొడవున, పండ్రెండడుగుల వెడల్పున ఒక శాల లేపెను. స్థలము కలిసివచ్చునని ప్రక్కింటి సరిహద్దు మీదనే గోడ పెట్టెను. రేకుల వాలు అటువైపే వేసెను. కుమారుడు విద్యుత్తుతో నడచు రంపమును కొని తెచ్చి, ఇంటి మీటరు నుండియే తీగె లాగి బిగించెను. పురపాలక సంఘమునకు దరఖాస్తు పెట్టలేదు. నక్షా గీయింపలేదు. ప్రక్కింట నొంటిగ నుండు ముసలమ్మకు ఒక్క మాటయైనను చెప్పలేదు.

తొలివాన కురిసిన దినమున రేకుల నీరంతయు ఆ యవ్వ వంటయింటి మట్టిగోడ మొదట పడెను. రంపపు పొట్టు గాలికి లేచి ఆమె బావిలో పడెను. ఆమె ఏమియు ననలేదు. అనుటకు ఆమెకు ఎవరును లేరు.

శిల్పి దుష్టుడు కాడు. ఏకాదశీ వ్రతము తప్పనివాడు. అతనిని ఎవరైన నడిగిన, అతడు చెప్పు సమాధానము లివి. ఒకటి, భూమి నాది, పట్టా నా పేర నున్నది. రెండు, చేయునది దైవకార్యము, దానికి మనుష్యుల యనుమతి యేల? మూడు, నా పెరటిలో నేను చేసికొను పని వలన ఒరులకు నష్టమేమి? నాలుగు, వీథిలో అందఱును ఇట్లే కట్టుకొనిరి, తరువాత అపరాధ రుసుము కట్టి క్రమబద్ధము చేయించుకొనవచ్చును. ఐదు, కచేరికి పోయిన త్రిప్పుదురు, చేయి చాచుదురు. ఈ యైదు మాటలును ఒక్క శిల్పివి కావు. ఇల్లు కట్టు ప్రతివాని నోటను వినబడునవే. కనుక ఒక్కొక్కదానిని విచారింపవలెను.

భూమి యెవరిది?

తెల్లవాఱుజామున మేల్కొని భూమిపై పాదము మోపుటకు ముందు, విష్ణుపత్నియైన భూదేవిని క్షమింపుమని వేడు ఆచారము ఆస్తిక గృహములలో నేటికిని కలదు. కాలు మోపుటకే క్షమాపణ వేడవలసిన చోట, గోడ మోపుటకు ఎంతటి వినయము కావలెను! పట్టా యనునది అనుభవించు హక్కును ఇచ్చును గాని ప్రభుత్వమును ఇయ్యదు. సర్వము శేషము, శ్రీమన్నారాయణుడొక్కడే శేషి యనుట సంప్రదాయ సిద్ధాంతము.

సర్వమునకు శేషియైన ఆ స్వామియే తన నివాసమునకు చోటు వలసినప్పుడు ఏమి చేసెనో తిరుమల యాత్రికులు ఎఱుగుదురు. భవిష్యోత్తర పురాణమందలి వేంకటాచల మాహాత్మ్యమున ఆ కథ విస్తరముగ కలదు. శ్రీనివాసుడు వైకుంఠమును వీడి వచ్చినప్పుడు ఆ కొండ వరాహస్వామి యధీనమున నుండెను. శ్రీనివాసుడు ఆయనను సమీపించి, కలియుగాంతము వఱకు నివసించుటకు స్థలమిమ్మని అడిగెను. వరాహస్వామి మూల్యమడిగెను. తనకడ ధనము లేదనియు, దానికి మాఱుగ తన దర్శనమునకు వచ్చు భక్తులచే తొలి దర్శనము, తొలి పూజ, తొలి నైవేద్యము వరాహస్వామికే జరుగునట్లు చేయుదుననియు శ్రీనివాసుడు మాట యిచ్చెను. అంతట నూఱడుగుల స్థలము లభించినది. స్వామిపుష్కరిణి తీరమున వెలసియున్న వరాహస్వామిని ముందు సేవించి, పిమ్మట శ్రీనివాసుని సేవింపవలెనను నియమము ఆ మాటకు నేటి వఱకు నడచుచున్న చెల్లింపు.

వరాహుడును శ్రీనివాసుడును వేఱు కారు. తన కొండను తన్నే తాను అడుగుకొన్నాడని చెప్పినను తప్పు లేదు. ఐనను ఆ యడుగుటలో ఏ యంగమును లోపింపలేదు. కొలత కలదు; అది నూఱడుగులు. మూల్యము కలదు. షరతు కలదు. నేటి నిర్మాణానుమతి పత్రమున నుండునవియు ఈ మూడే. స్థలపు కొలతలు చూపు నక్షా, చెల్లింపవలసిన రుసుము, పాటింపవలసిన నిబంధనలు. వివాహ వ్యయమునకు కుబేరునికడ అప్పు చేసినప్పుడు కూడ స్వామి నోటిమాటతో సరిపుచ్చక, సాక్షుల యెదుట ఋణపత్రము వ్రాసి యిచ్చెను. లోకేశ్వరునికి తప్పని పత్రము పెరటి గృహస్థునకు భార మగునా?

వామనమూర్తి చరిత్రమును ఈ దృష్టితోనే చూడవలెను. మూడు లోకములును తనవైన వాడు బలి యెదుట నిలిచి మూడడుగుల నేల యాచించెను. ఇయ్యవలదని శుక్రాచార్యుడు బలికి గట్టిగ చెప్పెను. అనగా బలికి కాదనుటకు వీలుండెను. కాదనగల వానిని అడుగుటయే నిజమైన అడుగుట. ఔననుట తప్ప వేఱు దారి లేనివానిని అడుగుట అడుగుట కాదు.

దైవకార్యమునకు అనుమతి యేల?

రెండవ మాట మొదటిదానికంటె ప్రమాదకరమైనది. ఏలయనగా అది భక్తి వేషమున వచ్చును. దీనికి సమాధానము శ్రీమద్రామాయణమున అరణ్యకాండయందు కలదు. వనవాసమున నివాసమునకు తగిన చోటు చెప్పుమని శ్రీరాముడు అగస్త్య మహర్షిని అడిగెను. మహర్షి పంచవటిని నిర్దేశించెను. అచటికి చేరిన పిదప, అందఱకును అనుకూలమైన తావును చూడుమని శ్రీరాముడు లక్ష్మణునితో ననెను. లక్ష్మణుడు నిర్మాణకుశలుడు, అంతకుముందు చిత్రకూటమున పర్ణశాల నిర్మించినవాడు. చూడుమని అన్నగారే చెప్పినప్పుడు వెంటనే చూచి కట్టవచ్చును. కాని లక్ష్మణుడు చేతులు జోడించి, తాను పరతంత్రుడననియు, ఇచ్చట కట్టుమని చోటును స్వామియే చూపి యాజ్ఞాపింపవలె ననియు వేడెను. శ్రీరాముడు సంతోషించి, గోదావరీ తీరమున చదునైన తావును తానే యెంచి, తమ్ముని చేయి పట్టుకొని చూపెను. అటుపిమ్మటనే లక్ష్మణుడు నేల చదును చేసి, స్తంభములు నాటి, వెదురు వాసములు పఱచి, జమ్మికొమ్మలు కట్టి, దర్భలతోను ఆకులతోను కప్పు వేసెను. పిదప గోదావరిలో స్నానమాడి, పుష్పములర్పించి, శాంతి చేసి, అన్నకు చూపెను. శ్రీరాముడు తమ్ముని కౌగిలించుకొని మెచ్చెను.

భద్రాచలమునకు సమీపమందలి పర్ణశాలను దర్శించు తెలుగు యాత్రికులు ఈ ఘట్టమును స్మరింపవలెను. కట్టుటకు సామాన్యముగ ఆజ్ఞ లభించినను, ఎక్కడ, ఎట్లు అను విశేషాజ్ఞ లేక లక్ష్మణుడు ఒక్క కఱ్ఱయైనను నాటలేదు. తనకు దొరకిన స్వాతంత్ర్యమును సైతము తిరిగి స్వామి పాదములకడ పెట్టెను. కైంకర్యమనగా నిదియే. స్వామి కొఱకు చేయుచున్నానను పేరుతో తన యిష్టము చొప్పున చేయుట కైంకర్యము కాదు.

ఇంకను దగ్గఱి దృష్టాంతము ఆ భద్రాద్రియందే కలదు. 17వ శతాబ్దియందు పాల్వంచ పరగణాకు తహశీల్దారుగ నుండిన కంచర్ల గోపన్నగారు శిస్తు సొమ్మును వెచ్చించి రామాలయమును నిర్మించిరి. గోలకొండ ప్రభువైన తానీషా యనుమతి దానికి లేదు. గోపన్నగారు గోలకొండ దుర్గమున పండ్రెండేండ్లు చెఱ ననుభవించిరని సంప్రదాయము చెప్పుచున్నది. ఆయన భక్తిని శంకించుటకు ఎవ్వరికిని అధికారము లేదు. ఆ భక్తి యొసగిన ఆలయము లక్షల మందికి శరణ్యమై యున్నది. ఐనను శ్రీరాముడు ఆ భక్తుని విడిపించిన తీరును గమనింపవలెను.

స్వామి తలచిన చెఱసాల గోడలు కూలవా? ఆలయము నాది, సొమ్ము నాది, లెక్క యడుగుటకు నీవెవ్వడ వని ప్రభువును గద్దింపరాదా? అట్లు చేయలేదు. రామలక్ష్మణులు సామాన్య సేవకుల వేషమున రాత్రివేళ తానీషాకడకు వచ్చి, ఆఱు లక్షల నాణెములు ఎంచి చెల్లించి, రశీదు వ్రాయించుకొని, ఆ రశీదును నిద్రించుచున్న గోపన్నగారికడ నుంచిరని ప్రసిద్ధి. భక్తుని అపరాధమును స్వామి లేదనలేదు. దానిని తన తలపై వేసికొని, పైసలతో సహా తీర్చెను. ఆ రశీదు చెప్పు పాఠమేమి? దైవకార్యమైనను లోకమునకు చెల్లింపవలసినది చెల్లింపక తప్పదు. ఒకవేళ భక్తుడు తప్పినచో ఆ భారము స్వామిపై పడును. స్వామికి భారమగుట ఏ భక్తుడు కోరును?

ఒరులకు నష్టమేమి?

వాస్తుశాస్త్రమున గృహస్థలమును బ్రాహ్మము, దైవము, మానుషము, పైశాచము అని వలయములుగ విభజించు పద్ధతి కలదు. అందు అన్నిటికి వెలుపలిది పైశాచ స్థానము. అది ఇల్లు కట్టక ఖాళీగ విడువవలసిన తావని పెద్దలు చెప్పుదురు. నేటి పురపాలక నియమములు గోడకును సరిహద్దుకును నడుమ విడువుమని చెప్పు ఖాళీస్థలమును ఈ దృష్టితో చూచిన వింతగ తోచదు. గాలికి, వెలుతురునకు, వాననీటికి, అగ్నిప్రమాదము కలిగినప్పుడు మనుష్యులు పోయి వచ్చుటకు ఆ తావు కావలెను. అది యజమాని స్థలమే యైనను, అతడు పొరుగువాని కొఱకు విడుచు దానము వంటిది. సరిహద్దు మీద గోడ పెట్టినవాడు పొరుగువాని వాటాను అపహరించినవాడే.

నక్షా పరిశీలన యనునది కాగితపు తంతు మాత్రమే యని కొందఱు తలంతురు. దేనితో కట్టితివి, ఎట్లు కట్టితివి, అగ్ని పుట్టిన బయటికి దారి యేది యని అడుగుటయే దాని పరమార్థము. అడుగువాడు లేని యింట నేమి జరుగునో మహాభారతమున ఆదిపర్వమందలి లాక్షాగృహ కథ తెలుపుచున్నది. వారణావతమున పురోచనుడు కట్టిన యిల్లు చూపులకు రాజభవనము. గోడలలో లక్క, నేయి, నూనె, జనపనార. విదురుని హెచ్చరిక వలన పాండవులు సొరంగము త్రవ్వించుకొని బయటపడిరి. ఐతే ఆ రాత్రి అన్నము కొఱకు వచ్చి, అచటనే నిద్రించిన నిషాద స్త్రీయు, ఆమె యైదుగురు కుమారులును ఆ యింట దగ్ధమైరి. కట్టినవానికి దానిలో నేమున్నదో తెలియును. తప్పించుకొన్నవారికిని తెలియును. తెలియనివారును కాలిపోయిరి. మఱుగుపఱచిన నిర్మాణము వలన కలుగు పాపము యొక్క స్వరూప మిదియే. అది ఎన్నడును కట్టినవాని తలుపే తట్టునను నియమము లేదు.

శిల్పి శాలయందు లక్క లేకపోవచ్చును. రంపపు పొట్టు కుప్పలు కలవు, వార్నీషు డబ్బాలు కలవు, ఇంటి దీపములకై వేసిన సన్నని తీగెపై నడచు రంపము కలదు. ప్రక్కనే అవ్వ పొయ్యి కలదు.

క్రమబద్ధము తరువాత చేయించుకొందము

పద్మపురాణమున నామాపరాధములు పది చెప్పబడినవి. భగవన్నామ బలముచే పాపము పోవునను ధైర్యముతో బుద్ధిపూర్వకముగ పాపము చేయుట అందొకటి. నామము సర్వపాపహరమే. కాని ఆ గుణమును ఆధారము చేసికొని పాపమునకు దిగువానికి నామమే యపరాధస్థానమగును. ముందు కట్టి, తరువాత అపరాధ రుసుము చెల్లింతునను ఆలోచన ఈ జాతికి చెందినదే. ఎఱుగక చేసినవానికి క్షమ కలదు, ఆపదలో చేసినవానికి క్షమ కలదు. క్షమ యున్నదని ముందే లెక్క వేసికొని చేసినవాడు క్షమనే అవమానించినవాడు.

లౌకికముగ చూచినను ఆ లెక్క తప్పు. అనుమతి లేని కట్టడము ఎంత కాలము నిలిచినను, దానిపై ఎంత ధనము వెచ్చించినను, అధికారులు ఎంత ఉపేక్షించినను, అంతమాత్రమున అది న్యాయసమ్మతము కాజాలదని 2024 డిసెంబరు 17వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. గృహావసరములకై తీసికొన్న విద్యుత్తును వేఱొక ప్రయోజనమునకు వాడుట అనధికార వినియోగమని 2003 నాటి విద్యుత్ చట్టము 126వ సెక్షను చెప్పుచున్నది; అట్టి వాడకమునకు రెట్టింపు ధర విధింపబడును. కుటీర పరిశ్రమలకు వేఱుగ విద్యుత్తు తరగతి యుండగా అడుగక వాడుట ఎందులకు?

అడుగుటయు మునుపటంత కష్టము కాదు. తెలంగాణమున 2020లో చేసిన చట్టము వలన 75 చదరపు గజముల లోపు స్థలమున, 7 మీటర్ల యెత్తు మించని నివాస గృహమునకు ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసికొనిన చాలును. 500 చదరపు మీటర్ల వఱకు స్థలములందు 10 మీటర్ల యెత్తు మించని గృహములకు యజమాని స్వయముగ నిచ్చు ధ్రువీకరణముపై వెంటనే అనుమతి లభించును. ఆంధ్రప్రదేశమున 2017 నాటి భవన నిర్మాణ నియమావళి ఏ స్థలమునకు ఎంత ఖాళీ విడువవలెనో వివరించుచున్నది. ఐతే ఒక విషయము మఱువరాదు. ఇవి నివసించు ఇంటికి చెప్పిన సౌకర్యములు. యంత్రములు నడపు శాలకు విడిగ విచారించి అనుమతి పొందవలెను. స్వయముగ ధ్రువీకరించు పద్ధతి గృహస్థుని మాటపై లోకముంచిన నమ్మకము. చూచువాడు లేనప్పుడు సత్యము పలుకుట సంకల్పము చెప్పుకొనువానికి క్రొత్త విషయము కారాదు.

అధికారి చేయి చాచినచో?

ఐదవ మాటలో కొంత నిజము లేకపోలేదు. పేదవానిని త్రిప్పుకొను కచేరులు కలవు. ఆ పాపము త్రిప్పుకొనువానిది. ఐతే ద్వారపాలకుడు దుష్టుడని చెప్పి దేవాలయమున గోడ దూకి ప్రవేశించుట ధర్మమగునా? ఒకని అధర్మము మఱియొకని ధర్మమును రద్దు చేయదు. గృహస్థుడు దరఖాస్తు వ్రాసి యిచ్చి, అందినట్లు రశీదు తీసికొనవలెను. భద్రాద్రిరాముడు నేర్పిన పాఠమిదియే కదా! లంచ మీయనని నిలిచినవానికి పది దినములు ఆలస్యము కావచ్చును. ఆ పది దినములు తపస్సుగ భావింపవలెను. అడుగుట తన ధర్మము. ఇచ్చుట, ఈయకుండుట అవతలివాని ధర్మము.

చెట్టు నడిగిన శిల్పి

శిల్పి శాలయందు దుంగను చూచుటకు, ఆ గ్రామాలయమున ప్రతిష్ఠ చేయింపవలసిన ఆచార్యులు ఒకనాడు వచ్చిరి. శిల్పి సాష్టాంగపడి లేచి, సంతోషముతో తాను చేసిన విధి యంతయు విన్నవించెను. ప్రతిమలకై వృక్షమును గైకొను విధానము బృహత్సంహితయందు వనసంప్రవేశమను అధ్యాయమున చెప్పబడినది. రాత్రి ఆ వృక్షమును పూజించి, ఈ కార్యమునకై నిన్ను కోరుచున్నామని విన్నవించి, దాని నాశ్రయించియున్న భూతములను వేఱొక చోటికి పొమ్మని ప్రార్థించి, మఱునాడు ఛేదింపవలెను. ఆ పద్ధతి శిల్పి కులమున తప్పక నడచుచున్నది.

ఆచార్యులు విని తల యూపిరి. రేకుల వాలును చూచిరి, ప్రక్క గోడను చూచిరి. పిదప మెల్లగ నడిగిరి.

"చెట్టు నడిగితివి, మంచిది. ప్రక్కింటి యవ్వ నడిగితివా, నాయనా?"

"లేదు, స్వామీ."

"పురపాలక సంఘము వారి నడిగితివా?"

"లేదు, స్వామీ. ఇది స్వామివారి పని కదా యని..."

"నోరులేని చెట్టు నడిగితివి. నోరున్నవారి నడుగవైతివి. చెట్టైన కాదనదని కాదు గదా?"

శిల్పి మాటాడలేదు. ఆచార్యులును మఱేమియు ననలేదు. తీర్థము కూడ పుచ్చుకొనక వెడలిపోయిరి.

ఆ సాయంకాలము రంపము నిలిచినది. శిల్పి ప్రక్కింటికి పోయి వాకిట నిలిచెను. అవ్వ అతనిని కూర్చుండుమనెను. "ఒక్క మాట ముందు చెప్పియుండిన నేను కాదందునా, నాయనా? నీ తండ్రి నా కండ్లయెదుట పెరిగినవాడు" అనెను. కొంతసేపటికి, "ఆ నీళ్లు మాత్రము ఇటు పడకుండ చూడుము. ఆ గోడ పడిన కట్టించుకొను శక్తి నాకు లేదు" అనెను. ఇన్నాళ్లును ఆ మాట ఆమెలో నుండెను. అడిగినవాడు లేక బయటికి రాలేదు.

మనుస్మృతి పదునొకండవ యధ్యాయమున పాపవిమోచనమునకు ఖ్యాపనము, అనుతాపము, తపస్సు, అధ్యయనము మొదలైన మార్గములు చెప్పబడినవి. ఖ్యాపనమనగా చేసిన తప్పును తానే వెల్లడించుట. శిల్పి తనంత తానే కచేరికి పోయి కట్టితినని చెప్పెను. నక్షా వ్రాయించెను. సరిహద్దు గోడను సుమారు మూడడుగులు వెనుకకు జరుపవలెనని తేలినది. కట్టిన గోడను తన చేతులతోనే విప్పెను. రేకుల వాలును తన పెరటి వైపునకు త్రిప్పెను. అపరాధ రుసుము కట్టెను. రంపమునకు వేఱుగ మీటరు తీసికొనెను. ఇంతలో నెలలు గడచినవి, బయానా సొమ్ము కరిగినది, బ్రహ్మోత్సవము వచ్చినది. వాహనము సిద్ధము కాలేదు. ధర్మకర్తలు కోపించి నాలుగు మాట లనిరి. అవి న్యాయమైన మాటలే. ఆ యేడు గరుడసేవ బీటవాఱిన పాత వాహనము మీదనే జరిగినది. శిల్పి జనములో నొకమూల నిలిచి, తాత చెక్కిన ఆ విఱిగిన ఱెక్కను చూచుచు చేతులు జోడించెను. కుమారుడు ప్రక్కనే యుండెను.

ఇందు అద్భుతమేమియు జరుగలేదు. ధర్మము నాశ్రయించినవానికి వెంటనే లాభము కలుగునని శాస్త్రము ఎచ్చటను చెప్పలేదు. మఱుసటి యేడు వాహనము పూర్తియైనది. దానిని శాల నుండి బయటికి తెచ్చుటకు, గోడకును సరిహద్దుకును నడుమ విడిచిన ఆ మూడడుగుల తావే దారి యైనది. ఆ దారిన అవ్వయు వచ్చి గరుత్మంతుని పాదములు తాకి పోయినది. తండ్రి నుండి కుమారునకు ఒక శాల సంక్రమించును. దానిపై ఏ నోటీసు లేదు, ఏ పొరుగువారి కన్నీరు లేదు.

గృహస్థుడు కట్టునది మేడ కానిండు, గొడ్లసావడి కానిండు, నాలుగు రేకుల కర్మశాల కానిండు. పునాది త్రవ్వుటకు ముందు ముగ్గురి ననుజ్ఞ యడుగవలెను. భూమిని ధరించిన భూదేవీ సమేతుడైన స్వామిని అడుగవలెను. ఆ స్వామి లోకరక్షణమునకై నియమించిన ధర్మవ్యవస్థను అడుగవలెను. ప్రక్కనున్న నోరులేని బీదవారిని అందఱికంటె ముందుగ అడుగవలెను. ఈ ముగ్గురును ఔనన్న చోట కట్టిన గుడిసె పర్ణశాలతో సమానము.

నూఱడుగుల నేలకు మాట యిచ్చి, ఆ మాటను నేటికిని నడుపుకొనుచున్న శ్రీవేంకటేశ్వరుడు, అడిగి కట్టుకొను వినయమును సమస్త గృహస్థులకును ప్రసాదించుగాక!

శుభమ్ భూయాత్.